కొత్తిండ్ల పాలకేంద్రంలో కొలత

పలమనేరు నుంచి మోపెడ్ మీద
రెండు డబ్బాలు కట్టుకొచ్చినాను.
ఒక్కోటి బెల్లం అచ్చంత,
లోపల గోరంత ప్రాసెసర్.
జేబులో వాటు మీటరు, అరువుది.

తెల్లవారి ఐదున్నర. కరెంటు లేదు,
రోజూ పోయే వేళకే పోయింది.
బల్ల కింద పాత కంప్యూటరు
పనిలో తొంభై వాట్లు తాగుతుంది,
ఊరికే కూర్చున్నా అరవై.
ఇన్వర్టరు గంటకే చేతులెత్తేస్తే
రెడ్డెమ్మ పలక తీస్తుంది, సుద్దతో రాస్తుంది:
మునెమ్మ, నాలుగున్నర లీటర్లు, వెన్న నాలుగు పాయింటు ఒకటి.
మొన్న ఆషాఢంలో ఒక జల్లు కిటికీలోంచి వచ్చి
పలక తుడిచిపెట్టి పోయింది.
ఆ పూట ఎవరి పాలు ఎవరివో
ఇప్పటికీ తగువే.

మొదటి డబ్బాకు ఫ్యాను లేదు, సద్దు లేదు.
పనుంటే ఆరు వాట్లు, లేకుంటే అయిదు.
నూట నలభై మూడు మందికి
పది దినాల బిల్లు కట్టమంటే
నలభై నిమిషాలు పట్టింది.
సంతకు నడిచిపోయే పెద్దాయన మాదిరి
ఎక్కడా ఆగలేదు,
ఎవరు పిలిచినా తొందరపడలేదు.

రెండోదాన్ని తగిలించగానే
మీటరు పద్నాలుగు చూపింది.
వెనక క్యాను పట్టుకున్న గంగులప్ప నాలుక కరుచుకున్నాడు.
"తిండిబోతుది నాయనా ఇది,
దీన్ని మేపేదెవురు?"
తొమ్మిది నిమిషాలు. బిల్లయిపోయింది.
అంకె జారి జారి రెండు దగ్గర
మునగదీసుకుని పడుకుంది.

గంగులప్ప ఇంట్లో పుంగనూరు కురచావు ఉండాది,
మనిషి నడుమెత్తు కూడా లేదు.
పూటకు లీటరున్నర ఇస్తే గొప్ప.
దాని పాలు పోస్తే మాత్రం
వెన్న మీటరు ఏడు దాటి ఎగురుతుంది.
"మామా, ఇక్కడ లీటర్లు చూసి ధర కడతారా?"
"యాడ కడతారు, వెన్న జూడల్ల గదా."
"ఇదీ అంతే. వాట్లు ఒకటే చూస్తే చాలదు,
ఎంతసేపు తాగిందో చూడాలి."

పాలచీటీ వెనక లెక్క వేసినాను:
ఆరు వంతున నలభై నిమిషాలు, నాలుగు యూనిట్లు అనుకో.
పద్నాలుగు వంతున తొమ్మిది, మిగిలిన ముప్పై ఒకటి నిద్ర,
అంతా కలిపి మూడుకు కాస్త పైన.
ఆయన చీటీని తిరగేసి మరగేసి చూసి
"యూనిట్టంటే కరెంటు బిల్లులోదేనా?" అన్నాడు.
కాదు మామా, అందులో వెయ్యో వంతు.
"వెయ్యో వంతుకా ఇంత రాద్ధాంతం!"
నవ్వినాడు. నేనూ నవ్వినాను.
కానీ బ్యాటరీకి తెలుసు ఆ వెయ్యో వంతు.

మధ్యాహ్నం రేకుల వేడికి
రెండోది కూడా రొప్పింది.
తొమ్మిది కాస్తా పదహారయింది.
దాచలేదు, అదీ రాసినాను.
నన్నడిగితే వేసవిలో మొదటిదే నయమేమో,
రెడ్డెమ్మకు అదే చెప్పినాను.

ఆమె నా చీటీ చదవలేదు.
మూడున్నరకు లేచిన కళ్ళతో
ఆ రెండు వాట్ల అంకెనే చూస్తా ఉండింది.
"ఇప్పుడిది ఏం జేస్తా ఉండాది?"
పడుకుని ఉండాది.
"పని మిగిలిందా?"
లేదు, అయిపోయింది.
"పనైనాంక పడుకునేది
మా ఇంట్లో ఎవురుండారబ్బా."
కాసేపాగి,
"ఇదే పెట్టు నాయనా," అనింది.

సాయంత్రం పూట పాలకు మళ్ళీ వరస కట్టినారు.
కరెంటు పోయింది, ఎవరూ తల తిప్పలేదు.
చీటీలు టకటకా వస్తా ఉండాయి.
మునెమ్మ చీటీ మడిచి రవికలో దోపుకుంది.
దుమ్ము పడుతుందని రెడ్డెమ్మ
డబ్బా మీద తుండుగుడ్డ కప్పబోయింది.
"కప్పొద్దక్కా, దానికి ఊపిరాడదు."
సరేనని ఆ గుడ్డతోనే
మెడ మీది చెమట తుడుచుకుని
తర్వాతి క్యాను మూత తీసింది.

ఇల్లు చేరినాక గుర్తొచ్చింది,
కొలిచిన మీటరు కూడా ఒక వాటు తాగి ఉంటుంది,
దాన్ని ఏ లెక్కలోనూ వేయలేదు.